ప్రామాణిక కడుపు

లాకులపేట చర్చి చాలా చిన్నది. క్రిస్మస్ నాడు ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మం బయట నిలబడి పాడాలి, మరీ ఆలస్యమైతే కాలవగట్టు మీద నిలబడి పాడాలి. రేకుల కప్పు, సున్నం గోడలు, ఒక గంట, వెనకాల ఒక వంటపాక. చర్చిలో ఎప్పుడూ అడుగుపెట్టనివాళ్ళకు కూడా ఆ వంటపాక మాత్రం బాగా తెలుసు.

ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు అక్కడ నలభై మందికి అన్నం పెడతారు. పెద్దాసుపత్రిలో రోగిని చేర్పించి చేతిలో సంచితో తిరిగేవాళ్ళు, పని దొరకని మిల్లు కూలీలు, కొడుకులున్నా లేనట్టే అయిన ముసలివాళ్ళు వచ్చి వరసలో కూర్చుంటారు. నీది ఏ కులం, నీది ఏ మతం అని అడిగే ఆచారం అక్కడ లేదు. అడిగేది ఒకటే ప్రశ్న, పప్పుచారు ఇంకొంచెం పోయమంటావా అని.

ఈ అన్నానికి బియ్యం ఎక్కడివంటే, ముప్పై ఒక్క ఇళ్ళ నుంచి. లాకులపేట సంఘంలో ఏ ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన దేవుడి డబ్బాలో వేస్తుంది. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలో గోనెసంచిలో కుమ్మరిస్తుంది. ఒకరివి రేషను బియ్యం, ఒకరివి మిల్లు నూకలు, ఒకరివి మసూరి. మూడూ కలిసి ఉడికితే కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉంటుంది. లాకులపేట అన్నం పంటికింద పలకరిస్తుందని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఆ అన్నం వండేది లూదియమ్మ. అరవై రెండేళ్ళ మనిషి. పాతికేళ్ళ కిందట రైసు మిల్లు బెల్టులో పడి ఆమె కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. మిల్లువాళ్ళు దండం పెట్టి పంపించేశారు. అప్పుడు మూడు నెలలపాటు ఆమెను, ఆమె పిల్లను ఆ వంటపాకే బతికించింది. చెయ్యి మానగానే లూదియమ్మ వెళ్ళి గరిటె పట్టుకుంది, ఇప్పటిదాకా దించలేదు. ఆమెకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. పన్నెండున్నరకు ఆ కుండ దిగాలి, వచ్చినవాడు నిండుకడుపుతో లేవాలి. మిగతా లోకం ఎలా నడిచినా ఆమెకు అభ్యంతరం లేదు.

కానీ మిగతా లోకం ఊరుకోదు కదా.

లాకులపేట చర్చి లాంటివి నూటయాభై కలిసి ఒక సమాఖ్య. దాని కేంద్ర కార్యాలయం పట్నంలో నాలుగంతస్తుల మేడ. ఆ ఏడాది వేసవిలో సమాఖ్య పెద్దలు చల్లని కొండ మీద మూడు రోజుల సదస్సుకు వెళ్ళి, 'కొలవలేనిది కరుణ కాదు' అనే నినాదం ఒకటి నేర్చుకుని దిగొచ్చారు. దిగీదిగగానే కరుణా ప్రమాణాల విభాగం వెలిసింది. దానికి సంచాలకులుగా డాక్టర్ ఆర్నాల్డ్ సుకుమార్ గారు వెలిశారు. ఆయన ఏ జబ్బుకు డాక్టరో ఎవరికీ తెలియదు. వెంటనే అన్ని చర్చిలకూ పందొమ్మిది పేజీల నమూనా పత్రం వెళ్ళింది.

లాకులపేట పాస్టరు జెకర్యా అయ్యగారు మెత్తని మనిషి, నిజం రాసే మనిషి. ఈ రెండు గుణాలూ కలిస్తే ఎంత ప్రమాదమో ఆయనకు అప్పటికింకా తెలియదు. ఏడో ప్రశ్న దగ్గర, నెలకు సేకరించు ధాన్యము ఎంత, కొలమానముతో సహా తెలుపుడు అని ఉంది. ఆయన లూదియమ్మను అడిగాడు. ఇంటికి పూటకో పిడికెడండీ, ముప్పై ఒక్క ఇల్లండీ అందామె. అయ్యగారు లెక్క వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో '1,860 పిడికెళ్ళు' అని రాసి పంపించాడు. ఇంకెవరైనా అయితే తొంభై కిలోలని ఏదో ఒకటి రాసేసి హాయిగా భోంచేసేవారు.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఒకటే వాక్యం: "పిడికిలి అనగా ఎంత?"

అయ్యగారు ఒక రాత్రి ఒక పగలు ఆలోచించి, పిడికిలి అనగా పిడికెడు అని రాశాడు. దాంతో సుకుమార్ గారే స్వయంగా బయల్దేరారు.

జీపు దిగిన సుకుమార్ గారి వెంట బంగారం తూచే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, రాసుకోవడానికి నతానియేలు అనే గుమాస్తా ఒకడు వచ్చారు. నతానియేలుకు నలభై ఎనిమిదేళ్ళు. సన్నగా, కొంచెం వంగి, ఎవరైనా పిలవకముందే వస్తున్నానండీ అనేటట్టు ఉంటాడు. ఆఫీసులో అతనికి ఒక పేరుంది, పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదని. అందుకే అతన్ని ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీలో ఉంచారు.

చర్చిలో బల్ల వేసి ఆడవాళ్ళందరినీ వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కరు పళ్ళెంలోంచి పిడికెడు బియ్యం తీసి కాటా మీద పోయాలి. మిల్లులో బస్తాలు మోసే సలోమి చెయ్యి తొంభై నాలుగు గ్రాములు పోసింది. కొత్తగా కాపురానికొచ్చిన గ్రేసుమణిది ముప్పై ఎనిమిది. సలోమిని మళ్ళీ పొయ్యమంటే ఈసారి నూటమూడు వచ్చింది. సుకుమార్ గారు కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, పెట్టుకున్నారు.

"ఒకే హస్తమునందు ఐదు నిమిషముల వ్యవధిలో తొమ్మిది గ్రాముల ఔదార్య వ్యత్యాసము. ఇది దానము కాదమ్మా, ఇది అరాచకము."

మరి మొదటిసారి తమరు తరిమినట్టు చూశారండీ, భయమేసింది అంది సలోమి.

లూదియమ్మ వంతు వచ్చింది. మూడు వేళ్ళ సందుల్లోంచి కారింది కారగా కాటా మీద ముప్పై ఒకటి తేలింది. సుకుమార్ గారు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, నతానియేలు చేత 'వేళ్ళ హాజరు అరవై శాతం' అని రాయించారు. రాస్తున్నప్పుడు నతానియేలు తల ఎత్తలేదు.

పట్నం తిరిగి వెళ్ళాక ప్రామాణిక పిడికిలి నిర్ధారణ సంఘం కూర్చుంది. అయిదుగురు సభ్యులు, నాలుగు సమావేశాలు, లెక్కలేనన్ని సమోసాలు. ఎవరి పిడికిలిని ప్రమాణంగా తీసుకోవాలన్నదే సమస్య. సమాఖ్య స్థాపించిన దొరగారిది తీసుకుందామంటే ఆయన పోయి నూరేళ్ళయింది, మిగిలిన ఒక్క ఫోటోలోనూ చేతులు జేబుల్లో ఉన్నాయి. చివరికి సమాఖ్య అధ్యక్షులవారి పిడికిలి కంటే యోగ్యమైనది ఈ భూమ్మీద ఉండదని తేలింది. అలా తేలుతుందని మొదటి సమోసా దగ్గరే అందరికీ తెలుసు.

మంచి రోజు చూసుకుని హాల్లో వెండిపళ్ళెం నిండా బియ్యం పోసి పెట్టారు. అధ్యక్షులవారు వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళుగా ప్రభు సంస్కారపు బల్ల దగ్గర రొట్టె తుంపి తుంపి, వేళ్ళ కొసలతో ఒక్కొక్కరికీ ఇంతింత ముక్క అందించిన మనిషి. చెయ్యి అలవాటున పోయింది. మూడు వేళ్ళ కొసలతో ఇంత చిటికెడు తీసి కాటా మీద వేశారు. తొమ్మిది గ్రాములు.

ఇంకోసారి తీయండని అనాలని అందరికీ ఉంది. కానీ అధ్యక్షులవారు రెండోసారి ఇచ్చిన సందర్భం సమాఖ్య చరిత్రలో లేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు.

అలా పిడికెడంటే తొమ్మిది గ్రాములైంది. దగ్గుమందు సీసా మీద మూతంత ఇత్తడి గిన్నెలు పోత పోయించి ఇంటికొకటి పంచారు. వాటితో పాటు వచ్చిన ఉత్తర్వును జెకర్యా అయ్యగారు ఆదివారం ఆరాధనలో చదివి వినిపించాడు. ఇకమీదట పూటకు ఒక ప్రామాణిక పిడికిలి మాత్రమే స్వీకరించబడును. అంతకు మించినది అధిక ఔదార్యము. అధిక ఔదార్యము చిన్న హస్తములు గల విశ్వాసులను కించపరచును గనుక అది నేరము. అట్టి బియ్యము వంటపాకలో కనిపించినచో పాకకు సీలు వేయబడును, పాస్టరు అడవి ప్రాంతమునకు బదిలీ చేయబడును.

పాక ఉన్న స్థలం సమాఖ్యది. అయ్యగారికి ఉబ్బసం. అందుచేత అందరూ తలవంచుకుని గిన్నెలు అందుకున్నారు. సలోమి మాత్రం ఆ ఇత్తడి గిన్నెను వేలికి తొడుక్కుని చూసి, ఉంగరానికి పెద్దది పిడికెడుకు చిన్నది అంది.

పై వారం సోమవారం నాటికి కుండలో బియ్యం వెతుక్కోవలసి వచ్చింది. లూదియమ్మ ఆ కాసినీ కాచి, నీళ్ళు పోసి, ఉప్పేసి, మెతుకులు ఈదుతున్న గంజి వడ్డించింది. వరసలో చివర పేరంటాలమ్మ కూర్చుంది. ఎప్పుడూ ఆమే చివర. ఎనభై దాటిన మనిషి, రెండు కళ్ళకూ శుక్లాలు, లాకుల పక్కన గుడిసె. కర్ర తాటించుకుంటూ బయల్దేరి దారిలో దొరికినవాళ్ళందరినీ కుశలం అడుగుతూ వచ్చేసరికి అందరూ సగం తినేసి ఉంటారు. ఆమె పళ్ళెం ఎత్తి ఒక గుక్క తాగి, కాసేపు ఆలోచించింది.

"లూదమ్మా, ఇది గంజా, బియ్యం కడిగిన నీళ్ళా? ఏదైనా పర్లేదులే, తెలుసుకుందామని."

లూదియమ్మకు ఏడుపొచ్చింది. పొయ్యి పొగ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ సాయంత్రం అయ్యగారి ఇంటి మెట్ల మీద కూర్చుని, ఉత్తరం రాస్తే గానీ కదలనంది. అయ్యగారు వణుకుతూనే రాశాడు. తొమ్మిది గ్రాముల పిడికిళ్ళతో పేదల కడుపులు నిండటం లేదని మనవి.

జవాబు ఈసారి నాలుగు రోజుల్లోనే వచ్చింది. "నిండుట అనగా ఎంత?"

ఇంక చెప్పేదేముంది. కరుణా ప్రమాణాల విభాగం మళ్ళీ కళకళలాడింది. కడుపు కొలిచే పని కేంద్ర కార్యాలయంలోనే పూర్తి చేశారు, పేదవాళ్ళను పట్నం దాకా రప్పించడం వృథా శ్రమ అని. నలభై ఇద్దరు ఉద్యోగులను మధ్యాహ్నం పదకొండున్నరకు వరసగా కూర్చోబెట్టి అన్నం వడ్డించి, ఎవరెవరు ఎన్ని గరిటెలకు చాలంటారో చూశారు. ఆ ఆఫీసులో పదిన్నరకు టిఫిను వస్తుంది. అందరి కడుపుల్లోనూ అప్పటికే ఇడ్లీ, వడ, కొందరి కడుపుల్లో ఉప్మా కూడా సుఖంగా కూర్చుని ఉన్నాయి. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే టిఫిను తినడం వాళ్ళ దృష్టిలో తినడం కాదు.

సరిగ్గా నడిమధ్యన తేలింది నతానియేలు కడుపు. గరిటెన్నర. పైగా అబద్ధమాడని మనిషి. అతని కడుపును ప్రామాణిక కడుపుగా ప్రకటిస్తూ అరవై మూడో నంబరు ఉత్తర్వు వెలువడింది.

అయ్యగారు దాన్నీ ఆదివారం చదివాడు. ప్రామాణిక కడుపు ప్రతిదినము భోజన స్థలమునకు విచ్చేసి మొదటి పీటపై భుజించును. అది నిండినంతనే గంట మోగించును. గంట మోగినంతనే హాజరైన సమస్త కడుపులు నిండినట్లు భావించబడును, వడ్డన నిలిపివేయబడును. చివరన పద్నాలుగో నిబంధన ఒకటుంది. ఒకవేళ ప్రామాణిక కడుపు నిండని పక్షమున, అది నిండువరకు అందరికీ వడ్డన కొనసాగించవలెను, తగ్గిన ధాన్యమును సమాఖ్యయే భర్తీ చేయవలెను. ఇలాంటి నిబంధన ఉంటే ఉత్తర్వు ఉదారంగా కనబడుతుందని సుకుమార్ గారు చేర్చారు. గరిటెన్నర కడుపు నిండకపోవడమేమిటని ఆయన ధైర్యం.

మంగళవారం నతానియేలు పదిన్నర బస్సులో దిగాడు. బస్టాండులో అలవాటుగా నాలుగిడ్లీ ఒక వడ తిన్నాడు. ఆటోలో వచ్చి, మొదటి పీట మీద సిగ్గుపడుతూ కూర్చున్నాడు. పక్కన చిన్న గంట పెట్టారు. అందరికీ ఒక గరిటె పడింది, తర్వాత అర గరిటె. నతానియేలుకు తేన్పు వచ్చింది. అతను అబద్ధమాడడు కదా, గంట మోగించాడు.

సరిగ్గా అప్పుడే పేరంటాలమ్మ కర్ర గుమ్మం దగ్గర తాటింది. ఆమె తడుముకుంటూ వచ్చి కూర్చుని పళ్ళెం ముందు పెట్టుకుంది. ఎవరూ వడ్డించలేదు. జెకర్యా అయ్యగారు నేల చూపులు చూస్తూ, అమ్మా, గంట కొట్టేశారమ్మా, ఉత్తర్వు ప్రకారం నీ కడుపు నిండిపోయిందమ్మా అన్నాడు.

"ఎప్పుడు నిండింది నాయనా? నాకెవరూ చెప్పలేదే" అంది పేరంటాలమ్మ.

ఆమె వేళాకోళానికి అనలేదు. నిజంగానే కడుపు మీద చెయ్యి వేసి చూసుకుంది. మరి పెద్దలు చెప్పారంటే నిండే ఉంటుందిలే అనుకుంటూ పళ్ళెం చంకన పెట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది. నతానియేలు ఆమె వెళ్ళినవైపే చాలాసేపు చూశాడు. తేన్పు మళ్ళీ రాబోతే మింగేశాడు.

లూదియమ్మ మాత్రం ఈసారి ఏడవలేదు. ఆమెకు చదువు రాదు గానీ విన్నది మరిచిపోదు. అయ్యగారి దగ్గరకెళ్ళి పద్నాలుగో నిబంధన మళ్ళీ చదవమంది. చదివాడు. ఇంకోసారి అంది. మూడోసారి చదివాక, ఆ కడుపు నిండాలంటే ముందు ఖాళీగా ఉండాలి కదండీ అని లేచి వెళ్ళిపోయింది. అయ్యగారికి అర్థం కాలేదు, అందువల్ల ఆయనకు ఆ పూట ఉబ్బసం రాలేదు.

మర్నాడు ఆమె బస్టాండులో నిలబడి ఉంది. నతానియేలు బస్సు దిగీదిగగానే, తమ్ముడూ, ఆటో ఎందుకు, కాలవగట్టు మీద చల్లగా ఉంటుంది నడిచిపోదాం అంది. కాలవగట్టు దారిలో ఇడ్లీ హోటలు లేదు. చర్చి చేరాక, కట్టెలు కొట్టేవాడు రాలేదు కాస్త చెయ్యి వెయ్యమంది. తర్వాత బోరింగు దగ్గర్నుంచి నీళ్ళు. తర్వాత మిల్లు నుంచి అరువు నూకల బస్తా మోయడానికి సలోమికి ఒక చివర సాయం. నతానియేలు ఇరవై ఏళ్ళుగా ఎత్తిన బరువు కాగితాలే. ఎవరికీ కాదనడం తెలియని మనిషి కాబట్టి అన్నీ చేశాడు.

పన్నెండున్నరకు అతను పీట మీద కూలబడ్డాడు. కళ్ళ ముందు మిణుగురులు. నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి అతనికి నిజమైన ఆకలి ఎదురుపడింది. మొదటి గరిటె ఎప్పుడు తిన్నాడో తెలియదు. రెండోది తిన్నాడు, మూడోది తిన్నాడు. నాలుగో గరిటె చివర్లో తలెత్తి, అక్కా, ఈ అన్నం పంటికింద ఏదో అంటోంది అన్నాడు. పలకరిస్తోంది తమ్ముడూ అంది లూదియమ్మ.

నాలుగు గరిటెలకు గంట మోగింది. అప్పటికి పేరంటాలమ్మ కూడా వచ్చి తినేసింది.

ఆ రోజు నుంచీ అదే వరస. ఉత్తర్వు ప్రకారం తగ్గిన బియ్యానికి అయ్యగారు సమాఖ్యకు రాశాడు, బస్తాలు వచ్చాయి. మళ్ళీ రాశాడు, మళ్ళీ వచ్చాయి. నతానియేలు చొక్కా భుజాల దగ్గర బిగుతైంది. గొడ్డలి దెబ్బ ఏటవాలుగా ఎలా వెయ్యాలో సలోమి దగ్గర నేర్చుకున్నాడు. ఇంటి దగ్గర భార్య, ఏమిటండీ మీరు ఈల వేస్తున్నారు అని అనుమానంగా అడిగింది.

మూడో వారానికి కేంద్ర కార్యాలయంలో గోల పుట్టింది. 'ప్రామాణిక కడుపు అనుమానాస్పద వ్యాకోచము' అని దస్త్రం తెరిచారు. సుకుమార్ గారు ఈసారి ఎవరికీ చెప్పకుండా బయల్దేరారు. పొద్దున్నే నతానియేలు ఇంటికి జీపు పంపి, తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు పెసరట్లు ఉప్మాతో సహా తినిపించి, మూడోది కూడా బలవంతం చేశారు. తర్వాత దగ్గరుండి జీపులో తీసుకొచ్చారు. చర్చి ముందు దిగేసరికి పన్నెండూ ఇరవై అయిదు. కట్టెలు లేవు, నీళ్ళు లేవు, బస్తా లేదు.

సుకుమార్ గారు వరసల మధ్య నిలబడి ప్రకటించారు. నేటి పరీక్షా ఫలితమే అంతిమము, శాశ్వతము. నా సమక్షమున ప్రామాణిక కడుపు ఎంతకు నిండునో అదియే ఇకపై ప్రమాణము. గరిటెన్నరకే నిండిన పక్షమున ఇచ్చటి అవసరము ప్రామాణిక పిడికిళ్ళతోనే తీరుచున్నట్లు తేలును గనుక పద్నాలుగవ నిబంధన రద్దగును.

లూదియమ్మ నతానియేలు మొహం చూసింది. నూనె మెరుపు ఇంకా మూతి మీదే ఉంది. ఆమె ప్రాణం ఉసూరుమంది. రేపటి నుంచి మళ్ళీ మెతుకులు ఈదే గంజి. ఎవర్ని ఏమనగలదు, ఎదురుగా కూర్చున్నవాడు అబద్ధమాడని మనిషాయె. గుమ్మం వైపు చూసింది. పేరంటాలమ్మ ఇంకా రాలేదు.

గరిటె పడింది. అందరికీ పడింది. అర గరిటె పడింది. నతానియేలు పెసరట్ల మీద ఆ గరిటెన్నరను ఎలాగో సర్దాడు. గొంతు దాకా వచ్చిందని చూసేవాళ్ళందరికీ తెలుస్తోంది. చెయ్యి గంట వైపు వెళ్ళింది.

"నిండినదా?" అన్నారు సుకుమార్ గారు.

నతానియేలు గుమ్మం వైపు చూశాడు. దూరంగా, ఎక్కడో కాలవ మలుపులో, కర్ర చప్పుడు. ఆమె ఎవరినో, పిల్లలు బాగున్నారా అని అడుగుతోంది.

"లేదండి" అన్నాడు నతానియేలు.

లూదియమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆగిన అర గరిటె, దాని మీద మరోటి నిండుగా ముంచి అతని పళ్ళెంలో వేసింది. నిండలేదన్నవాడికి వెయ్యాలి కదా, ఉత్తర్వు. వరసలో అందరికీ వేసింది. నతానియేలు ఆ అన్నం వైపు, బాకీదారు అప్పులవాణ్ణి చూసినట్టు చూసి, తినడం మొదలుపెట్టాడు.

అబద్ధాలు ఆడేవాళ్ళకు అవి తేలిగ్గా ఉంటాయి. నతానియేలుకు మాత్రం ఒక్కో అబద్ధం ఒక్కో గరిటె అన్నమై ఎదురుగా వచ్చి కూర్చుంది. నిండినదా అంటే లేదండి, ఒక గరిటె. నిండినదా, లేదండి, ఇంకో గరిటె. నాలుగో గరిటెకు బెల్టు ఒక చిల్లు వదిలాడు. అయిదో గరిటెకు బెల్టే తీసేశాడు. చెమటలు కారిపోతున్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు, మిల్లు కూలీలు తినడం మానేసి అతని నోటి వైపే చూస్తున్నారు. సలోమి పక్కన చేరి, ఎద్దును అదిలించినట్టు మెల్లగా, హయ్ హయ్ తమ్ముడూ, ఇంకొక్కటి అంటోంది. జెకర్యా అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నాడు, దేనికోసమో మాత్రం ఆయనకే స్పష్టంగా లేదు. నాకు తెలిసి ఒక మనిషి కడుపు కోసం అంతమంది ఊపిరి బిగబట్టడం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆరో గరిటె సగంలో ఉండగా పేరంటాలమ్మ వచ్చింది. తడుముకుంటూ వచ్చి, ఖాళీ దొరికిన చోట కూర్చుంది. ఆ ఖాళీ నతానియేలు పక్కనే. లూదియమ్మ ఆమె పళ్ళెం నిండా అన్నం పెట్టి, పప్పుచారు పోసింది. పేరంటాలమ్మ కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఇక అతను గంట కొట్టేయవచ్చు. కానీ ఆమె ఒక ముద్దే కదా తిన్నది. గంట మోగితే గరిటె ఆగిపోతుంది, ఆమె ఇంకొంచెం అడిగితే పెట్టడానికి ఉండదు. నతానియేలు ఏడో గరిటెకు పళ్ళెం జరిపాడు.

సుకుమార్ గారికి సహనం పోయింది. వంగి, అతని మొహంలో మొహం పెట్టారు.

"నతానియేలు గారూ, మీరు దేవుని మందిరపు నీడలో కూర్చుని ఉన్నారు. ఇరవై ఏళ్ళ మీ సేవను గుర్తుంచుకుని చెప్పండి. మీ కడుపు నిండినదా, లేదా?"

నతానియేలు ఏడో గరిటెలో ఆఖరి ముద్ద మింగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అన్నం వల్లో దేని వల్లో చెప్పలేం.

"లేదండి. ఇంకా ఆకలిగానే ఉందండి."

పేరంటాలమ్మ నమలడం ఆపింది. పక్కకు తిరిగి చెవి పెట్టింది.

"ఎవరు నాయనా అది, ఆకలంటున్నది?" అంది. "ఇందాకటి నుంచీ వింటన్నా, పాపం ఎన్నిసార్లు అడిగిచ్చుకుంటన్నాడు. అడిగేవాళ్ళే గానీ పెట్టేవాళ్ళు లేరా ఈడ?"

ఆమె తన పళ్ళెంలోంచి పెద్ద ముద్ద కలిపింది. గాలిలో తడిమి అతని భుజం పట్టుకుంది, భుజం మీంచి చెంప, చెంప మీంచి నోరు.

"తిను. నాకు సగం చాలు, ముసలిదాన్ని."

నతానియేలు నోరు తెరిచాడు. పెసరట్లు మూడు, గరిటెలు ఏడు, ఆ పైన ఆ ముద్ద. ఎక్కడ పట్టిందో వైద్యులు చెప్పాలి. నమిలాడు, మింగాడు. తర్వాత చెయ్యి చాచి గంట మోగించాడు.

"నిండిందండి" అన్నాడు. ఆ మాట నిజమని వినగానే ఎవరికైనా తెలిసిపోతుంది.

సుకుమార్ గారు చెప్పిన మాట సుకుమార్ గారే తప్పడానికి లేదు. నలభై మంది సాక్షుల ఎదుట అంతిమము, శాశ్వతము అని ప్రకటించి ఉన్నారు. చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టారు. నతానియేలును లేపి జీపెక్కించడానికి నలుగురు పట్టారు. అందులో సలోమి ఒక్కతే ఇద్దరి పెట్టు.

నేటికీ సమాఖ్యలో ప్రామాణిక కడుపంటే ఏడు గరిటెలు, ఒక ముద్ద. నూటయాభై చర్చిలకూ ఆ లెక్కనే బియ్యం వెళ్ళాలి. నెల మొదట్లో లాకులపేటకు లారీ వస్తుంది. ఏడు గరిటెలు తినగలిగినవాడు లాకులపేటలో ఇంతవరకు పుట్టలేదు కనుక, మిగిలింది ఆసుపత్రి వెనక వరండాల దాకా, రిక్షా స్టాండు దాకా వెళ్తోంది. నతానియేలు బుధవారాలు సెలవు పెట్టి కట్టెలు కొట్టడానికి వస్తాడు.

ఒక్క చిక్కు మాత్రం తేలలేదు. ఏడు గరిటెలు సమాఖ్యవి, సరే, ఆ మీది ఒక్క ముద్ద ఎవరు సమర్పించారు, దాత పూర్తి పేరు, ముద్ద బరువు తెలుపగలరు అని కరుణా ప్రమాణాల విభాగం ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాసింది. ప్రతి ఉత్తరాన్నీ జెకర్యా అయ్యగారు బుద్ధిగా పట్టుకెళ్ళి పేరంటాలమ్మకు చదివి వినిపిస్తాడు. తను ఎవరికీ ఏమీ పెట్టినట్టు ఆమెకు గుర్తు లేదు.